బుంగమూతికి మేత వెయ్యకండి

ఏమండీ,

ఇవాళా రేపూ బుంగమూతికి మేత వెయ్యకండి. పొద్దున చూస్తే చేప నీళ్ల పైకొచ్చి నోరు తెరుస్తోంది, మొప్పలు ఎర్రబడ్డాయి. తొట్టె నీళ్లు కొంచెం గ్లాసులో తీసి పరీక్ష చుక్కలు వేస్తే, పసుపు రావాల్సిన నీళ్లు ఆకుపచ్చగా మారాయి. మేత ఎక్కువై, మిగిలింది అడుగున కుళ్లి నీళ్లు చెడ్డాయని చేపల కొట్టాయన ఫోన్లో చెప్పాడు. మందేం వద్దన్నాడు.

మీరు రాగానే తొట్టెలో పావు వంతు నీళ్లు తోడేసి, మొక్కలకని నిన్న బకెట్లో పట్టిన నీళ్లు మెల్లగా పొయ్యండి. కుళాయి నీళ్లు నేరుగా పొయ్యకండి, వాటిలో క్లోరిన్ దానికి పడదు. ఫిల్టర్ స్పాంజిని తోడిన నీళ్లలోనే పిండండి.

రోజుకెన్నిసార్లు వేస్తున్నారమ్మా అని ఆయన అడిగితే, ఒక్కసారేనని దబాయించాను. ఫోన్ పెట్టేశాక చూస్తే మొన్న తెచ్చిన డబ్బా సగం ఖాళీ. నేను పొద్దున వేస్తున్నాను, మీరు రాత్రి వేస్తున్నట్టున్నారు. వేశారా అని అడగాలంటే మనం మాట్లాడుకోవాలి కదా.

కూర స్టవ్ మీద ఉంది. మీరు తిన్నదీ లేనిదీ నేను గిన్నె చూసే తెలుసుకుంటున్నాను.

ఇంకొకటి. ఎల్లుండి నుంచి మేత ఎవరు వేస్తే వాళ్లు ఆ రోజుకి డబ్బా బోర్లించి పెడదాం. అప్పుడు ఒకళ్లనొకళ్లం అడగక్కర్లేదు.