ఖాసింబీకి చివరిసారి మాత్రలు

డోన్, శుక్రవారం

విదేశాల నుంచి వచ్చే నిధులు ఆగిపోయి, మా హెచ్‌ఐవీ ప్రాజెక్టు ఈరోజుతో మూతపడింది. నెలనెలా కర్నూలు ఆసుపత్రి నుంచి నేను తెచ్చే మాత్రలు ఖాసింబీకి చివరిసారి ఇచ్చి వచ్చాను.

కుట్టు మిషన్ ఆపి, "ఇంగ రావా అక్కా?" అంది.

"మాత్రలు ఆగవులే ఖాసింబీ. సర్కారు ఊరికే ఇస్తాంది. నువ్వే పోయి తెచ్చుకోవల్ల," అన్నాను.

"ఆడ ఎవురన్నా సూసి మా మరిదికి చెప్తే, నన్నూ పిల్లోల్లనూ ఇంట్లో ఉండనిస్తాడా? నా మొగుడు కామెర్లతో పోయినాడనే అందరూ అనుకుంటాండారు."

ఆమె ఒకసారి ఇట్లాగే భయపడి మందు మానేసి, ఎముకల గూడై మంచం పట్టింది. నేను నెలల తరబడి ఆమె ఇంటికి తిరిగితే గానీ లేవలేదు. ఈసారి తిరిగేదెవరు...

చివరికి ఆమే నన్ను ఓదార్చింది. "ఏమన్నా ఐతే ఫోన్ చేస్తాలే. నువ్వుండావు గదా అక్కా."

తల ఊపాను.

సాయంత్రం ఆఫీసు ఫోను తిరిగి ఇచ్చేశాను. ఆమె దగ్గరున్నది ఆ నెంబరే. రేపు పోయి నా సొంత నెంబరు ఇవ్వాలి. ఇస్తాను సరే, ఆమె ఫోన్ చేస్తే ఏం చెప్పను?