మసాలా అర తలుపు

రోజలిన్ అక్కకు,

ఈ ఉత్తరం వల్ల నీకు కలగబోయే మనస్తాపానికి యావత్ కంచరపాలెం తరఫున ముందుగానే క్షమాపణ వేడుకుంటున్నాను. ఫోన్లో చెబితే అరుస్తావని రాస్తున్నాను.

వంటింట్లో కప్‌బోర్డులు బిగిస్తుంటే కాపలా ఉండమన్నావు. ఉన్నాను. వడ్రంగి సన్యాసిరాజుగారి ప్లైవుడ్ మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. ఈ సముద్రపు గాలికి ఆగుతుందా అని అడిగితే, "ఉడకెట్టినా ఉబ్బదు బాబూ. నాకేసి ఏటలా సూత్తన్నావు?" అన్నారు. ఆ ధీమా చూశాక అనుమానం ఇంకా పెరిగింది.

ఇప్పుడు మసాలా అర తలుపు కనబడటం లేదని, ఆయనే పట్టుకుపోయారని నువ్వు పని మానిపించేశావు. అక్కా, ఆయన్ని వెనక్కి పిలిపించు. తలుపు నీ బిరియానీ గిన్నెలో ఉంది. పరీక్షకని నేనే ఉడకబెట్టాను. ఒక్క పిసరు కూడా ఉబ్బలేదు.

నీ తమ్ముడు