నలభై మూడు కార్డులు, ఒకే ముద్ర

2011 జనవరి 18
కరస్పాండెంట్ సార్ మళ్లీ మొదలుపెట్టాడు. మేడిపల్లిలో ప్లాట్లు అమ్ముకునే మనిషి, నాచారంలో స్కూలు పెట్టి ఇంగ్లీషును ఉద్ధరిస్తున్నాడు. స్టాఫ్ మీటింగులో గంటసేపు ఒకటే పాట — "టేక్ పెయిన్స్ మేడం, టేక్ పెయిన్స్." శ్రద్ధపెట్టి కష్టపడమని. ఎక్కడ విన్నాడో, బెల్లం ముక్కలా బుగ్గన పెట్టుకుని చప్పరిస్తున్నాడు. పిల్లలు టేక్ పెయిన్స్, టీచర్లు టేక్ పెయిన్స్, బాత్రూములు కడిగే ఆయా కూడా టేక్ పెయిన్స్. ఆయన మాత్రం పదకొండుకి వచ్చి పన్నెండుకి వెళ్తాడు. చెప్పేవి శ్రీరంగ నీతులు.

జనవరి 19
హుకుం జారీ అయింది. ప్రతి ప్రోగ్రెస్ కార్డు మీదా ఆ మాట ఉండాలట, ఇంగ్లీషులో. "పేరెంట్స్ ఖుష్ అయితరు మేడం." నేను క్లాస్ టీచర్ని, ఏడో తరగతి, నలభై మూడు మంది. ఆ చెత్త వాక్యం నలభై మూడుసార్లు నా చేత్తో రాయాలా? థూ.

జనవరి 20
ఉప్పల్ చౌరస్తాలో రబ్బరు స్టాంపు చేయించాను. 'మస్ట్ టేక్ మోర్ పెయిన్స్.' ఇంకా కష్టపడాలి అని. "ఏ ఆఫీసుది మేడం?" అన్నాడు కొట్టువాడు. మూర్ఖుల ఆఫీసుది అన్నాను. నవ్వాడు.

జనవరి 21
రేపు బంద్ అంటున్నారు. కార్డులు ఇవాళే ఇచ్చేయాలి. టీ తాగుతూ పావుగంటలో గుద్దేశాను, పేర్లు కూడా చూడలేదు. హిందీ టీచరు రజియా మాత్రం తన ఆరో తరగతి కార్డులు ముందేసుకుని ఒక్కో పిల్లకి ఒక్కో మాట రాస్తూ కూర్చుంది. పిచ్చిది. స్టాంపు అడుగుతుందనుకున్నా... అడగలేదు.

జనవరి 25
సంతకాలతో కార్డులు తిరిగొచ్చాయి. మమతది తప్ప. చివరి బెంచీ పిల్ల. తనూ రాలేదు.

జనవరి 28
ఇవాళా లేదు. పక్కన కూర్చునే పిల్లనడిగాను. "బడి బంద్ జేయించిన్రు టీచర్. కార్డు సూసి వాళ్ల నాయిన మిషిన్ కుట్టుడు నేర్సుకోమన్నడు." ఇంగ్లీషు ముక్క రాని తండ్రి, ఇంగ్లీషు కార్డు చూసి తీర్పు! వీళ్లింతే, వీళ్లనెవరూ బాగుచేయలేరు అనుకున్నాను. అనుకున్నది రాశాను. కొట్టేయను.

జనవరి 31
మమత తల్లి వచ్చింది. ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని, షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టుంది. కార్డు ప్లాస్టిక్ కవర్లో జాగ్రత్తగా పెట్టి తెచ్చింది.
"గిది మీరే రాసిన్రా మేడం?"
అవునన్నాను.
"ఇంటి ఓనరమ్మ సదివి జెప్పింది, మీ పోరి కష్టపడ్తలేదంట అని. పొద్దుగాల నాలుగింటికి లేస్తది మేడం. బోర్డు మీద రాసింది అవుపడదని, దోస్తు నోట్‌బుక్కు తెచ్చుకొని మొత్తం ఎక్కించుకుంటది. ఇంకెట్ల కష్టపడాలె? జెప్పున్రి, దానికి జెప్త."
బోర్డు కనబడదు. జూన్ నుంచీ నా క్లాసులోనే ఉంది. పక్కదాని పుస్తకంలోకి తొంగిచూస్తోందని రెండుసార్లు నిలబెట్టాను కూడా.
అందరికీ అదే ముద్ర వేశానమ్మా, మమతనని కాదు — అన్నాను. తేలికపడుతుందనుకున్నాను.
"అందరికి అదేనా? అయితే మా పోరిని మీరు సూడనే లేదా మేడం?"


ఫిబ్రవరి 1
కరస్పాండెంట్‌కి చెప్పాను, కార్డు మార్చి రాసిస్తానని. "ఒక్క అడ్మిషన్ పోతే పాయె, ఫికర్ చేయకున్రి. మీరు మస్తు పెయిన్స్ తీసుకుంటున్నరు." ఓదార్పు! నాకు! ఒళ్లు మండింది. కానీ... ఆయన ఆ మాటని నమ్మి అంటాడు. నేను వెక్కిరించి, అదే మాటకి స్టాంపు చేయించాను. ఇద్దరిలో ఎవరు నీచం?

ఫిబ్రవరి 3
రజియా నా క్లాసుకీ హిందీ చెబుతుంది. మమత సంగతి అడిగాను. "దూరంది కనబడదు దానికి. నా పీరియడ్‌ల ముందట కూసోబెడ్త. మీకు తెల్వదా?" ఎంత మామూలుగా అడిగిందో.

ఫిబ్రవరి 5
కొత్త కార్డు. తెలుగులో, నా చేత్తో. మూడే వాక్యాలు — పిల్ల కష్టపడుతోంది, చూపు పరీక్ష చేయించాలి, తప్పు నాది. గంట పట్టింది. గల్లీ వెతుక్కుంటూ వెళ్లి తండ్రి చేతికిచ్చాను. చదివాడు. మళ్లీ చదివాడు.
"మొన్న గట్ల రాసిన్రు, ఇయ్యాల గిట్ల రాసిన్రు. ఏది నమ్మాలె మేడం?"
లోపల కుట్టుమిషను ఆగింది. వింటోంది పిల్ల. నేనేదో చెప్పబోయాను... మళ్లీ మొదలైంది మిషను.

ఫిబ్రవరి 7
ముందు బెంచీలో ఒక చోటు ఖాళీ చేయించాను. హాజరు పిలిచాను. మమత పేరు కూడా. పిల్లలందరూ తల తిప్పి చివరి బెంచీలో మమత లేని చోటు వైపు చూశారు.