బాపు పన్ను

గోదావరిఖని,
మంగళవారం సాయంత్రం

బాపూ,

ఈ ఉత్తరం నీకు అందదని తెలుసు. అయినా ఇవాళ్టి సంగతి నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

బంగారం ఎక్కడ పుడుతుందో ఈరోజు మా తొమ్మిదో తరగతి పిల్లలకు పాఠం చెప్పాను. "బొగ్గు లెక్కనే భూమిల పుడతది" అని వాదించేవాడివి కదా, ఓడిపోయావు! భూమికి అంత శక్తి లేదు. సూర్యుడికీ లేదు! ఆకాశంలో ఎప్పుడో కాలిపోయి కుంచించుకుపోయిన రెండు చుక్కలు, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి ఢీకొంటే ఆ దెబ్బకు పుడుతుంది. ఆ ధూళి కలిసిన మబ్బులోంచే తర్వాత మన భూమి తయారైంది. అంటే బంగారం భూమికంటే వయసులో పెద్దది బాపూ! చెబుతుంటే నాకే ఒళ్లు పులకరించింది.

వెనక బెంచీ అమ్మాయి లేచింది. "మేడం, గా చుక్కల బంగారం మీరెన్నడన్న చూసిన్రా?"

"రోజూ చూసిన. మా బాపు నోట్ల ఉండె."

గనిలో దెబ్బ తగిలి ఊడిన ముందు పన్ను చోట నువ్వు మోజుపడి కట్టించుకున్న బంగారు పన్ను గురించి చెప్పాను. "బడికొస్తే నవ్వకు బాపూ, పోరగాళ్లు ఎక్కిరిస్తున్నరు" అని ఏడో తరగతిలో నేను అన్నదీ దాచలేదు. ఆ ఏడాది బడి వార్షికోత్సవంలో నాకు బహుమతి ఇస్తుంటే, నువ్వు పెదాలు బిగబట్టుకునే చప్పట్లు కొట్టావు.

మళ్లీ ఆ అమ్మాయే అడిగింది.

"మీ బాపు ఎట్ల నవ్వుతుండె మేడం?"

పళ్లన్నీ కనబడేలా నవ్వి చూపించాను.