బాపు మాట

నవంబర్ 3, సోమవారం
కాలనీ కమ్యూనిటీ హాల్లో ధ్యానం క్లాసులో చేరాను. డాక్టరు బీపీ మాత్ర పెంచి, దాంతోపాటు దీన్నీ రాశాడు. నేర్పేది ప్రసూన. రిటైరైన ఆఫీసరు భార్య, కోస్తా మనిషి, గొంతు బెల్లప్పాకం. మీ తప్పుల గురించి మీతో మీరు, చిన్నపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడుకోండి, అంది. ముప్పై ఒక్క ఏళ్ళు తెలుగు టీచరుగా చేశాను. నేను చిన్నపిల్లలతో ఎలా మాట్లాడానో గోదావరిఖనిలో సగం మందికి తెలుసు. నాతో నేను రోజూ అలాగే మాట్లాడుకుంటున్నాను.

పక్కింటి సమ్మవ్వ రెండో నిమిషానికే గురక పెట్టింది. ప్రసూన దాన్ని లోతైన స్థితి అనుకుంది.

నవంబర్ 5
సరిగ్గా కళ్ళు మూసుకోగానే ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్. కిటికీలు దడదడలాడాయి. శబ్దాన్ని రానివ్వండి, పోనివ్వండి, అంది ప్రసూన. మా గోడ బీటలకు ఈ ముక్క చెప్పాలి.

నవంబర్ 10
ఇవాళ ఒక తప్పును తలచుకుని, గుండె మీద చెయ్యేసి, అప్పుడు నాకు తెలిసింది అంతే అనుకోవాలట. నువ్వేం తలచుకున్నావని సమ్మవ్వను అడిగాను. పొద్దుగాల పాలు పొంగిచ్చిన టీచరక్కా, గా తప్పు చాలదా, అంది.

నా చెయ్యి గుండె మీద నిలవలేదు. అప్పుడు నాకు అంతా తెలుసు. తెలిసే చేశాను.

రాసేస్తాను. ఈ నోటుబుక్కు ఎవరూ చదవరు.

2018లో మా ఆయన లింగమూర్తి ఊపిరితిత్తులు చెడి, బొగ్గుబాయి పనికి మెడికల్ అన్‌ఫిట్ అయ్యాడు. ఆయన నౌకరీ పిల్లల్లో ఒకరికి వస్తుంది. రెండో వాళ్ళు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. మమతకియ్యి, మొగడు ఇడిచిపెట్టిన పిల్ల, దానికే గావాలె, అన్నాడు మంచం మీంచి. నేను కూతురు మమత దగ్గరికి వెళ్ళి, తమ్మునికే ఇయ్యాలెనని మీ బాపు పట్టువట్టిండు, అని చెప్పాను. రేపు నన్ను చూసేది కొడుకే కదా అని. కాగితం నేనే రాశాను, అక్షరదోషం లేకుండా. బాపు మాట అని సంతకం పెట్టింది. మళ్ళీ గడప తొక్కలేదు. మరుసటేడు ఆయన పోయినప్పుడు వాకిట్లో నిలబడి, ముఖం చూడకుండానే వెళ్ళిపోయింది.

కొడుకు సంపత్ ఆ నౌకరీలో చేరి నస్పూర్‌లో కంపెనీ క్వార్టర్ తీసుకున్నాడు. నా ఫోన్ ఎత్తడు.

నవంబర్ 12
చెయ్యి నిలిచింది. ఏడ్చాను. ప్రసూన వీపు నిమిరి, మిమ్మల్ని మీరు క్షమించుకున్నారండీ టీచరుగారూ, అంది. ఒళ్ళు తేలిగ్గా ఉంది. మాత్ర వేసుకోవడం మరిచాను.

నవంబర్ 15, శనివారం
ఆ తేలికలోనే మంచిర్యాల బస్సెక్కాను. మమత అక్కడ బట్టల దుకాణంలో రోజుకు పది గంటలు నిలబడుతుంది. పిక్కల మీద నరాలు తాళ్ళలా ఉబ్బాయి. గిరాకీ లేని వేళ చూసి అంతా చెప్పాను. నన్ను నేను క్షమించుకున్నానని కూడా చెప్పాను. సిగ్గులేని నోరు.

చీర మడతపెట్టడం ఆపలేదు. మంచిగైంది అవ్వా, తప్పు నువ్వే చేసినవ్, మాఫ్ నువ్వే చేసుకున్నవ్, నడుమ నేనెందుకు, అంది.

ఇంకో చీర అందుకుని, బాపు నన్ను యాది చేసిండా, అని అడిగింది. రోజూ, అన్నాను, మమత ఎందుకస్తలేదని అడిగేటోడు. నువ్వేం చెప్పినవ్, అంది. నీకు తీరిక లేదని, అన్నాను.

చీర చేతిలోంచి జారింది. ఏడేండ్ల సంది సచ్చినోన్ని తిట్టుకుంట బతికిన, నీ బరువు దించుకోనీకి బస్సెక్కి వచ్చినవా, అంది. పో. ఓనరు చూస్తుండు, చీరలు నచ్చనట్టు మొఖం పెట్టి పో, అంది.

అలాగే పెట్టి వచ్చాను.

నవంబర్ 17
క్లాసులో అనుభవాలు పంచుకోమన్నారు. పాలు పొంగించాను, అన్నాను.

నవంబర్ 19, మధ్యాహ్నం మూడు
క్లాసుకు పోలేదు. మమత ఫోన్ చేసింది. హలో లేదు. బాపు నా గురించి ఏమన్నడో ఒక్కటి చెప్పు, అబద్ధమాడితే నాకెరికైతది, అంది. చిన్నప్పుడు నువ్వు ఆయన ముఖం మీద బొగ్గు చూసి జడుసుకునేటిదానివట, అందుకే బాయి కాడనే సబ్బు పెట్టి రుద్దుకుని వచ్చేటోన్నని చెప్పి నవ్వేటోడు, అన్నాను. పెట్టేసింది.

నవంబర్ 20, మూడు
మళ్ళీ చేసింది. ఇంకొకటి చెప్పు, అంది.

నవంబర్ 24
రోజూ మూడింటికి. ఎట్లున్నవని అడగదు. విని పెట్టేస్తుంది. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. నేను అంతకన్నా తక్కువ వినే మనిషిని. కల్పించడం నాకు చిటికెలో పని, పిల్లలతో ఎన్ని వ్యాసాలు రాయించాను! నిన్న ఒకటి అందంగా అల్లి నాలుక చివరిదాకా తెచ్చుకున్నాను. గుండె మీద చెయ్యేసుకుని మింగేశాను. ఆయన నిజంగా అన్నదే చెప్పాను. ప్రసూన చూస్తే సంతోషించేది.

నవంబర్ 27
ఇవాళ చెప్పాక వెంటనే పెట్టలేదు. బ్లాస్టింగ్ అయ్యేదాకా లైన్లోనే ఉంది.

ఆయన అన్న మాటలు నా దగ్గర ఇక రెండే మిగిలాయి.