పడుగు మీద చెయ్యి

తమ్ముడూ రమాకాంత్, ఇంట్లో గొడవైందని నీకు భివండికి ఎవరైనా ఫోన్ చేసి చెబితే గాబరా పడకు.

ఈ పొద్దున మీ అన్న ఎల్లస్వామి, మన భానుచందర్ చాయ్ తాగి ఎప్పటిలాగే ఒకే మగ్గానికి పక్కపక్కన కూర్చున్నారు. "అన్నా, నీ చెయ్యి వణుకుతాంది. జంపఖానా అంచు వంకర పోతాంది, లే ఇగ" అని భాను నవ్వాడు.

"లేస్త. పడుగు దారాలన్నీ కోసే లేస్త" అని ఎల్లస్వామి కత్తి తీశాడు.

నేను పడుగు మీద అరచెయ్యి ఆన్చి, "తమ్మీ, ముందు ఒక్కసారి నీ ఊపిరి మీద మనసు పెట్టు. అటెంక కొయ్యి" అన్నాను. చాలాసేపటికి వాడు కత్తి కింద పెట్టాడు. నిజమైన మాటైనా అదను చూసి, దయతో అనమన్నాడు బుద్ధుడని భానుకు చెప్పాను.

అన్నతో మాట్లాడితే చెయ్యి సంగతి ఎత్తకు. నీ మోకాలు నొప్పి తగ్గిందా? బుద్ధుని దయ నీమీద ఉండాలి.

సాయంత్రం అందరం కూర్చుని తేల్చుకున్నాం. రేపు హనుమకొండ దవాఖానకు అన్నను భానే తీసుకుపోతాడు. ఈ జంపఖానాను ఎల్లస్వామే ముగిస్తాడు. వంకరైనా సరే, అమ్మం, మనింట్లోనే పరుచుకుంటాం.

అక్క