ఇద్దరమని చెప్పిన పాపం

ఏమోయ్,

రాయకూడదనే అనుకున్నాను, కడుపు మండి రాస్తున్నాను. నువ్వొచ్చేలోగా ఈ కొత్త ఊళ్ళో కొట్లూ హోటళ్ళూ చూసి పెట్టమన్నావుగా, చూశాను. మందుల కొట్టు పక్క హోటల్లో ఒంటిమనిషికి బల్ల ఇవ్వరట, నిలబడి తినాలట! (నా మోకాళ్ళ సంగతి వాడికేం తెలుసు, నీకే పట్టనప్పుడు?) ఇద్దరమని బొంకి కూర్చున్నాను. ఇక గంటైనా వడ్డిస్తేనా!

"పిన్నిగారిని రానివ్వండి బాబాయ్, ఇద్దరికీ వేడివేడిగా తెస్తా" అంటాడు సర్వరు.

"ఆవిడ తమ్ముడి కూతురి పురిటికెళ్ళి రెండు నెలలైందయ్యా, తే!" అని అరిచాను. హోటలంతా నావైపే చూసింది.

మీ తమ్ముడింట్లో ఇంకో ఆడదిక్కే లేదా? ఎప్పుడొస్తావో తిరుగు టపాలో రాయి. గరిటెలు ఏ పెట్టెలో సర్దావు? బాలింతకూ చంటిదానికీ నా ఆశీస్సులు.

ఇవాళ బజారుకెళ్ళి ఇంట్లోకి రెండో కుర్చీ కొన్నాను.